కొల్లేటి గట్ల మీద హైబ్రిడ్ సైకిల్: ఏది పనికొస్తుంది, ఏది మార్చుకోవాలి

తీర్పు ముందే చెప్పేస్తాం. పాతిక వేల లోపు దొరికే మామూలు హైబ్రిడ్ సైకిల్, అంటే ముందు ఒకటే పళ్లచక్రం, వెనక ఎనిమిది గేర్లు, 38 మిల్లీమీటర్ల టైర్లు ఉన్న బండి, కొల్లేటి గట్లకు చక్కగా సరిపోతుంది. కాకపోతే షోరూమ్‌లో నిలబెట్టినదాన్ని నిలబెట్టినట్టే తీసుకెళ్తే కాదు. టైరు, వాల్వు, మడ్గార్డు, ఈ మూడింటి సంగతి విజయవాడలోనే తేల్చుకుని బయల్దేరాలి. లేదంటే సగం పొద్దు గట్టు మీద కూర్చుని పంక్చర్లు వేసుకోవడంతోనే గడిచిపోతుంది.

కొల్లేరే ఎందుకంటారా? బెజవాడలో తెల్లవారుజామున సైకిల్ తీసేవాళ్లలో చాలామందిది ఒకటే దారి. ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట. పక్కన నిండుగా కృష్ణ, అవతల ఇంద్రకీలాద్రి, చూపుకు ఏ లోటూ లేదు. తెల్లారి కాస్త పొద్దెక్కిందంటే మాత్రం ఇరుకు రోడ్డు మీద కార్లు, బైకులు, హారన్లు. నీటి పక్కన, ఇంజను చప్పుడు లేకుండా పూటంతా తొక్కాలంటే మనకు అందుబాటులో ఉన్నది కొల్లేరే. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చివరికి చేరేది అక్కడికే. అటు నుంచి తమ్మిలేరు, ఇంకా కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలూ అందులోనే పడతాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది.

సరస్సు చుట్టూ ఒక దారి ఉంటుంది, గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికి వచ్చేయొచ్చు అనుకుంటే మాత్రం నిరాశే. అలాంటి దారి లేదు. ఉన్నవి చేపల చెరువుల గట్లు, కాలువ గట్లు. పైనుంచి చూస్తే చదరంగం బల్ల మీద గీతల్లా అడ్డంగా నిలువుగా ఉంటాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక కాలువ దగ్గర ఆగిపోతాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం పరిధి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆ కాంటూరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. సైకిల్ తొక్కేవాళ్లకు ఈ చరిత్రతో నేరుగా పని ఉంది. ఫోన్ మ్యాపులో తెగకుండా సాగినట్టు కనిపించే గట్టు, అక్కడికి వెళ్లేసరికి గండి పడి ఉండొచ్చు. అందుకే పోయి అదే దారిన వెనక్కి వచ్చేలా లెక్క వేసుకోవాలి. ముందు రాత్రి శాటిలైట్ బొమ్మ పెద్దది చేసి చూసి, గండ్లు గుర్తు పెట్టుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

ఇక బండి. ఈ తరహా హైబ్రిడ్‌లు 13 నుంచి 15 కిలోల బరువుంటాయి. గేర్ల గురించి దుకాణంలో చెప్పేదంతా నమ్మి 21 గేర్ల బండికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. కొల్లేరు బల్లపరుపు. బ్రిడ్జి ఎక్కడం, గట్టు ఎక్కడం తప్ప ఎత్తు అనేదే లేదు. ముందు 38 పళ్లు, వెనక 11 నుంచి 34 పళ్ల క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి) ఉంటే, వెనక 20 పళ్ల మీద నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు వస్తుంది. అది తారు రోడ్డుకు. గట్టు మీద 23 లేదా 26 పళ్ల మీదకు దిగి 12 నుంచి 15 మధ్య పోవడమే హాయి. 34 పళ్లది ఎదురుగాలికి దాచుకోండి. ముందు మూడు పళ్లచక్రాలున్న బండిలో ముందు డిరైలర్, అంటే చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదకు జరిపే పరికరం, ఒకటి అదనం. దాని పంజరంలో గడ్డి, బురద ఇరుక్కుంటాయి. ఇక్కడ దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

అసలు కథ టైరుది. కొల్లేటి గట్టు మీద టైరుకు ఇద్దరు శత్రువులు. మొదటిది తుమ్మ ముల్లు. గట్టు మొదట్లో పశువులు రాకుండా తుమ్మ కంప అడ్డం వేస్తారు. కంప తీసినా విరిగిన ముళ్లు మట్టిలో ఉండిపోతాయి. కంప కనబడగానే దిగి, సైకిల్‌ను ఎత్తి పట్టుకుని నాలుగడుగులు దాటించాలి. నెట్టుకుంటూ పోకూడదు. రెండోది పల్లేరు కాయ, దీని సంగతి ఇంకా దారుణం. ఎండిన పల్లేరు కాయను అరచేతిలో పెట్టుకుని చూడండి. నాలుగైదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండేసి గట్టి ముళ్లు, కింద ఇంకా చిన్నవి. నేల మీద ఎలా వేసినా ఏదో ఒక ముల్లు నిటారుగా పైకి చూస్తూనే ఉంటుంది. మట్టి రంగులోనే ఉంటుంది కాబట్టి సీటు మీద నుంచి చూస్తే కనపడదు. కాలు చెప్పుకు గుచ్చుకుంటేనే ఉందని తెలుస్తుంది.

పల్లేరు తీగ మనుషులూ బండ్లూ తొక్కని చోట పాకుతుంది. అంటే గట్టు నడిమి గడ్డి వరసలో, అంచుల్లో. లారీ చక్రాలు తిరిగే జాడల్లో ముళ్లు నలిగిపోయో, వాటి టైర్లకే అంటుకుపోయో ఉంటాయి. కాబట్టి చూడ్డానికి మెత్తగా, చల్లగా ఉన్న గడ్డి మీదకు పోకుండా, గతుకైనా సరే చక్రాల జాడలోనే పోవాలి. జాడ మరీ లోతుగా ఉండి పెడల్ అంచుకు తగులుతున్నప్పుడు మాత్రం దిగి నడవడమే. ఫొటో కోసం గడ్డి మీద సైకిల్ పడుకోబెట్టడం పంక్చర్ కొనితెచ్చుకోవడమే.

బండితో వచ్చే టైరు నగరానికి ఉద్దేశించింది. మధ్యలో పలచగా ఉంటుంది. రెండు మార్గాలున్నాయి. ఒకటి, పంక్చర్ ఆపే పట్టీ లోపల ఉన్న టైరు వేయించుకోవడం. కాస్త బరువు, కాస్త బిగుతు, కానీ మంచిది. రెండోది, ఉన్న టైరులోనే ట్యూబుకు సీలెంట్, అంటే రంధ్రాలు మూసే జిగురు ద్రవం పోయడం. 38 మిల్లీమీటర్ల ట్యూబుకు 100 నుంచి 120 మిల్లీలీటర్లు చాలు. పల్లేరు ముల్లు చేసే సన్నటి రంధ్రాన్ని అది వెంటనే మూసేస్తుంది. తుమ్మ ముల్లు పక్క నుంచి చీల్చుకుపోతే మూయలేదు. సీలెంట్ పోయాలంటే వాల్వు లోపలి పుల్ల ఊడేదై ఉండాలి, ట్యూబు కొనేటప్పుడే అడగండి. ఎండ ఎక్కువైన మన ఊళ్లలో ఆ ద్రవం కొన్ని నెలలకే ఎండి ఉండ కడుతుంది. సీజన్ మొదట్లో ఒకసారి పోసి, ఏళ్ల తరబడి ఉందిలే అనుకోకూడదు. ముల్లు గుచ్చుకున్నది కనబడగానే తొందరపడి పీకేయకండి, ముందు ట్యూబులో సీలెంట్ ఉందో లేదో గుర్తు చేసుకోండి. సీలెంట్ ఉన్న ట్యూబైతే ముల్లు పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆగాలి, ద్రవం అక్కడికి చేరుతుంది. సీలెంట్ లేకపోతే ముల్లు ఉన్నంతసేపు గాలి నెమ్మదిగా పోతుంది. నీడ ఉన్న చోటు దాకా వెళ్లి విప్పుకోవచ్చు.

ట్యూబు మార్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కొత్త ట్యూబు పెట్టేస్తారు, టైరు లోపల విరిగి ఉన్న ముల్లు కొన అలాగే ఉండిపోతుంది. పది నిమిషాల్లో మళ్లీ పంక్చర్. టైరు లోపలంతా పాత నూలు గుడ్డతో తుడవండి. ముల్లు కొన ఉంటే గుడ్డ పోగు పట్టుకుంటుంది. వేలితో తడమొద్దు, తెగుతుంది.

గాలి విషయంలో దుకాణం వాళ్లు నిండుగా కొట్టి పంపిస్తారు. డెబ్బై కిలోల మనిషికి తారు మీద 50, 55 పీఎస్ఐ బాగుంటుంది. గట్టు ఎక్కేముందు వెనక 40, ముందు 35కి దింపండి. క్యారియర్ మీద సామాను ఉంటే వెనక ఇంకో అయిదు కలపండి. ఎండిపోయిన నల్లమట్టి పెళ్లల మీద ఈ తేడా చేతులకూ నడుముకూ తెలుస్తుంది. 30 కంటే దింపితే తూము గొట్టాల మీద ఎక్కినప్పుడు రిమ్ముకూ గొట్టానికీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. గట్టుకు అడ్డంగా నీటి పైపులు, మోటారు కేబుళ్లు చాలాచోట్ల ఉంటాయి. వాటి దగ్గర వేగం తగ్గించి, సీటు మీంచి లేచి దాటాలి. కేబుల్ అతుకులున్న చోట దిగి దాటడమే క్షేమం. స్టార్టర్ పెట్టెలకు, ఇనుప స్తంభాలకు సైకిల్ ఆనించొద్దు.

వాల్వు చిన్న వస్తువే కానీ పల్లెటూళ్లో అదే పెద్ద సమస్య. హైబ్రిడ్‌లలో కొన్నింటికి సన్నటి ప్రెస్టా వాల్వు వస్తుంది. కొల్లేటి పక్కనున్న కైకలూరు చుట్టుపక్కల సైకిల్ షాపు పంపు దానికి పట్టకపోవచ్చు, బైకు పంక్చర్ షాపు కంప్రెసర్ అయితే పట్టదు. బైకులకు, కార్లకు ఉండే లావు ష్రేడర్ వాల్వున్న బండి దొరికితే అదే తీసుకోండి. ప్రెస్టానే వచ్చిందా, ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వుకే బిగించి ఉంచండి. ఇంకో మెలిక ఉంది. హైబ్రిడ్ చక్రాన్నీ 28 ఇంచులు అంటారు, మన పాత నల్ల సైకిల్ చక్రాన్నీ 28 ఇంచులే అంటారు. రెండూ ఒకటి కావు. హైబ్రిడ్ రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, పాత సైకిల్‌ది 635. ఆ టైరు దీనికి సరిపోదు, వదులుగా ఉండి ఊడుతుంది. ట్యూబు మాత్రం సాగేది కాబట్టి, లావు వాల్వు రంధ్రం ఉన్న రిమ్ముకైతే పాత సైకిల్ ట్యూబుతో ఆ పూట గట్టెక్కొచ్చు. మనిషికి రెండు స్పేర్ ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ లీవర్లు రెండు, చేతి పంపు తప్పనిసరి. పంక్చర్ షాపు దొరుకుతుందిలే అని వెళ్లొద్దు. గట్టు మధ్యలో ఆగితే ఊరు చేరడానికి గంట నడక పట్టొచ్చు.

మూడోది మడ్గార్డు. కొల్లేటి మట్టి బంకమన్ను. ఎండితే రాయి, తడిస్తే జిగురు. వాన పడిన రోజున, ఆ మర్నాడు కూడా గట్టు ఎక్కకూడదు. ఎక్కితే ఏమవుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే బండి పాడయ్యేది ఇక్కడే. మొదట టైరు చుట్టూ పలచటి పొర అంటుకుంటుంది. ఆ పొరకు గడ్డి పరకలు అతుక్కుంటాయి. టైరుకూ మడ్గార్డుకూ మధ్య ఉండేదే సెంటీమీటరు లోపు సందు. యాభై, వంద మీటర్లు పోయేసరికి అది నిండిపోయి చక్రం బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెట్టి తొక్కితే గడ్డీ బురదా కలిసి వెనక డిరైలర్ చిన్న చక్రాల్లోకి వెళ్తాయి. చైన్ జారదు, డిరైలర్‌ను వెనక్కి, పైకి లాగుతుంది, అది వంగి స్పోకుల్లో పడుతుంది. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే అల్యూమినియం ముక్క విరుగుతుంది. ఫ్రేము విరగకుండా ముందు తానే విరగడానికి పెట్టిన ముక్క అది. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం. బండి కొన్న రోజే అదే మోడల్ హ్యాంగర్ ఇంకొకటి తీసుకుని సీటు కింద సంచిలో వేసుకోండి. తర్వాత వెతికితే వారాలు పడుతుంది.

కాబట్టి డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా, గట్లు పొడిగా ఉన్న రోజుల్లో, మడ్గార్డులు పూర్తిగా విప్పేసి వెళ్లడం మేలు. దారిలో తడి మరక కనబడితే దిగి మోసుకెళ్లండి. చక్రం కొంచెం బిగుసుకున్నట్టు అనిపించిన క్షణాన ఆగి పుల్లతో గోకేయాలి.

ముందు ఫోర్కులో స్ప్రింగు ఉన్న మోడల్ వద్దు. కిలో పైనే బరువు పెరుగుతుంది, సన్నటి దుమ్ము సీళ్లలో చేరి బిగుసుకుపోతుంది, ఆ పని 38 టైరులో తగ్గించిన గాలే చేసిపెడుతుంది. బ్రేకులు ఏవైనా ఒకటే, నేల చదునే కదా. డిస్క్ బ్రేకు తీసుకుంటే కేబుల్‌తో పనిచేసేది తీసుకోండి, నూనెతో పనిచేసేది దారిలో బాగుచేయలేరు. సీటు విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండాలి. బండితో వచ్చే వెడల్పాటి మెత్తటి సీటు మొదటి పది కిలోమీటర్లకు బాగుంటుంది, ముప్పై దాటాక తొడలు ఒరుసుకుంటాయి. కొంచెం గట్టిగా, సన్నగా ఉన్నదానికి మార్చండి. పెడల్ కిందికి ఉన్నప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా రావాలి, సీటు ఎత్తు అంత. మన దగ్గర చాలామంది రెండు కాళ్లూ నేలకు ఆనేలా తగ్గించుకుంటారు. మోకాళ్ల నొప్పికి కారణం అదే.

వెనక క్యారియర్‌కు 25 కిలోల దాకా మోసే ఇనుప రాక్ చాలు. సంచులు రెండు పక్కలా సమంగా ఉండాలి. రాక్ బోల్టులు గట్టు అదురుకు వదులవుతాయి, ప్రతి పూటా బయల్దేరేముందు అలెన్ కీతో బిగించి చూడండి. సైడు స్టాండు మట్టిలో దిగబడి బండి సామానుతో సహా చెరువు వైపు ఒరుగుతుంది. చదునైన పెంకు ముక్కో, చెక్క ముక్కో సంచిలో ఉంటే దాని కింద పెట్టొచ్చు.

చేరుకోవడం సులువే. విజయవాడ నుంచి గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు దాదాపు డెబ్బై కిలోమీటర్లు. గుడివాడ, భీమవరం రైలు మార్గంలోనే కైకలూరు స్టేషను ఉంది. రైల్లో సైకిల్ తీసుకెళ్లాలంటే లగేజీగా బుక్ చేయాలి, ఆ సౌకర్యం ఏ బండికి ఉందో పార్సిల్ ఆఫీసులో ముందే కనుక్కోండి. కారు వెనక ర్యాకే నమ్మకం. అక్కడ దిగాక పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రంతో మొదలుపెట్టండి. అటవీ శాఖ వాళ్లు పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఎర్రకాళ్ల కొంగలూ ఉంటాయి. శీతాకాలమే వాటికి సీజను. ఏ గట్ల మీద తిరగనిస్తారో అక్కడి సిబ్బందినే అడగడం మంచిది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి తారు రోడ్డు ఉంది. ఫాల్గుణ మాసం జాతర రోజుల్లో మాత్రం ఆ దారి జనంతో నిండిపోతుంది. ఏలూరు, కైకలూరు రోడ్డు కొల్లేటి నడుమ నుంచే పోతుంది, ఎడ్లగాడి వంతెనల దగ్గర నీరు చూడ్డానికి బాగుంటుంది. కానీ అది లారీల దారి. సైకిల్ యాత్రలో దాన్ని కలపొద్దు.

గట్లు నిజంగా నిర్మానుష్యమా అంటే, చాలావరకు. కార్లు ఉండవు, బస్సులు ఉండవు. చేపల పట్టుబడి ఉన్న చెరువు దగ్గర మాత్రం తెల్లారేసరికి ఐసు, ట్రేలతో లారీలు, ట్రాక్టర్లు ఉంటాయి. గట్టు వెడల్పు ఒక్క బండికే. లారీ ఎదురైతే మనమే దిగి అంచున నిలబడాలి, చెరువు వైపు వాలు జారుడుగా ఉంటుంది కాబట్టి సైకిల్‌ను మనకూ నీటికీ మధ్య పెట్టుకుని. మేత దించే వేళ తప్పితే పగలు ప్రశాంతమే. చాలా గట్లు ఎవరో ఒకరి లీజులో ఉంటాయి. చేపల దొంగతనాల భయం వాళ్లకు ఉంటుంది. కాపలా షెడ్డు కనబడగానే దిగి, "బాబాయ్, ఈ గట్టు అవతలి రోడ్డు దాకా పోతుందా, మధ్యలో గండి ఉందా?" అని అడిగితే సరైన దారి తెలుస్తుంది, కుక్కలనూ వాళ్లే అదిలిస్తారు. కుక్క వెంటపడితే తొక్కి పారిపోవద్దు, దిగి సైకిల్‌ను అడ్డంగా పెట్టుకుని నిలబడితే అదే ఆగుతుంది. చీకటి పడ్డాక గట్ల మీద ఉండొద్దు.

డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా పడుతుంది. గండి కనబడదు కాబట్టి ఏడు దాటాక గట్టు ఎక్కండి. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, గట్ల మీద దాన్ని ఆపే చెట్టు ఉండదు. పొద్దున సముద్రం వైపుగా పోయి, తిరుగు ప్రయాణం గాలి వీపుకు తగిలేలా పెట్టుకోవాలి. ఒక రోజుకు 40 కిలోమీటర్లు చాలు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు కైకలూరులోనే నింపుకోండి. చుట్టూ నీరే, తాగేది చుక్క దొరకదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, టోపీ, పొడవు చేతుల చొక్కా ఉండాలి.

ఇంటికి వచ్చాక పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగొద్దు, హబ్బుల్లోకి, పెడల్ బేరింగుల్లోకి బురద నీళ్లు పోతాయి. మట్టి పూర్తిగా ఆరనిచ్చి బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడవండి. చైన్‌కు వాడేసిన ఇంజను ఆయిలు పూసే అలవాటు మన షాపుల్లో ఉంది. ఆ జిగురుకు కొల్లేటి దుమ్ము అంటుకుని ఆకురాయిలా చైన్‌నూ పళ్లనూ తినేస్తుంది. పొడి రకం లూబ్ (చైన్ నూనె) ఒక్కో లింకు పిన్ను మీద ఒక్కో చుక్క వేసి, పావుగంట ఆగి, పైన ఉన్నదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. ముట్టుకుంటే వేలికి నల్లగా అంటిందంటే ఇంకా తుడవాల్సి ఉందన్నమాట.